పుట్టీ కింద గోనె గుడ్డ

గాజువాకలోని జిలానీ బాషా షెడ్డుకి గౌరీశ్వరి కారు తెచ్చింది. ఆమె టీచరు. రోజూ తన ఇద్దరు కూతుళ్ళతోపాటు వీధిలోని మరో ముగ్గురు పిల్లల్నీ బడికి తీసుకెళ్తుంది. రెండేళ్ళ క్రితం సెకండ్‌హ్యాండులో కొన్న బండి. వెనక డోరు కింద రంగు పొక్కులు కట్టింది.

"ఆ పొక్కులు లేపీసి కొత్త రంగు ఏయించండి బాబూ," అని బల్ల మీద కూర్చుంది.

జిలానీ ఇరవై ఏళ్ళు ఓడల రేకుల మీద పాత రంగూ తుప్పూ ఊడగొట్టే పని చేశాడు. ఇప్పుడు కార్లకి చేస్తున్నాడు. అతను పాత రంగు ఊడగొడితే, పక్క షెడ్డులో బావమరిది సాకిబ్ కొత్త రంగు వేస్తాడు.

కారు రేకు పలచన. జిలానీ ముఖానికి తొడుగు వేసుకుని, కంప్రెసర్ గాలి ఒత్తిడి బాగా తగ్గించి, రవ్వ చిమ్మే గొట్టాన్ని డోరు కిందికి తిప్పాడు. ఇసకలాంటి సన్నటి నల్ల రవ్వ కొట్టిన కొద్దీ ఎర్ర రంగు ఎగిరింది, దాని కింద తెల్ల రంగు ఎగిరింది. ఇక రేకు మెరవాలి. మెరవలేదు. పుట్టీ రాలింది. అంగుళం మందాన పెళ్ళలు పెళ్ళలుగా రాలుతూనే ఉంది. చివరికి కన్నం పడి, లోపలినుంచి తడిసిన నల్లటి ముద్ద జారి అతని బూటు మీద పడింది.

తొడుగు తీయగానే కంపు కొట్టింది. కుళ్ళిన గోనె గుడ్డ. దాని మడతల్లో బొద్దింకలు పొర్లుతున్నాయి. తుప్పు తిన్నచోట రేకు వేయకుండా గోనె కుక్కి, పైన పుట్టీ మెత్తారు. వెనక సీటు బెల్టు బోల్టు ఆ తుప్పులోనే ఉంది. జిలానీ వేళ్ళతో లాగితే ఊడి వచ్చింది.

సాకిబ్‌ని పిలిచాడు. వాడు వంగి చూసి నవ్వాడు.

"ఓ, ఇదా! నా సేతి పనే బావా. బ్రోకరు అమ్మేముందు మెరిపించీమన్నాడు, మెరిపించీసినాను."

"గోనె కుక్కినావా?"

"ఏటి బావా, కొత్తగా మాటాడతన్నావ్? అందరూ సేసేదే. మళ్ళీ పుట్టీ పెట్టీద్దాం, ఎవుడికి తెలుస్తాది?"

గౌరీశ్వరి లేచి వచ్చింది. అన్నీ విన్నది. ఊడిన బోల్టు చూసింది.

"రోజూ పొద్దున్న ఈ బెల్టు నానే పెడతాను పిల్లలకి," అంది.

సాకిబ్ తల తిప్పుకున్నాడు. జిలానీకి వాడి మీదకంటే తనమీద ఎక్కువ రోత పుట్టింది. ఆరేళ్ళుగా తను శుభ్రం చేసిన రేకుల్ని వీడికే పంపుతున్నాడు. వాడు రంగు వేశాక ఒక్కటీ తిరిగి చూడలేదు.

"పో. నా బళ్ళ మీద ఇంక సెయ్యెయ్యకు," అన్నాడు.

ఆ రోజే కారుని ట్రక్కు మీద గోపాలపట్నంలోని వెల్డరు దగ్గరికి పంపాడు. తనూ వెంట వెళ్ళి, తుప్పంతా కోసి కొత్త రేకు అతికేదాకా నిలబడ్డాడు.

రెండు రోజులు అన్నం సయించలేదు. కంచంలో చెయ్యి పెడితే ఆ కంపే. మొదటి రాత్రే భార్య నూరున్నీసా, సాకిబ్ అక్క, ఏమైందని అడిగింది. చెప్పాడు. మూడో రోజు రాత్రి వడ్డిస్తూ ఆమే కదిపింది.

"సాకిబ్ పొద్దున్న వచ్చినాడు," అంది. "నీతో సెప్పి మళ్ళీ పని ఇప్పించమన్నాడు."

"నువ్వేటన్నావు?"

"ఆ కారులో నీ పిల్లల్ని కూకోబెడతావా అనడిగాను. లేచి ఎల్లిపోయినాడు."