ఎవరూ విప్పలేని టెంటు

నేను ఒక కొలత టేపును. పసుపు రంగు ఒళ్లు, కొసన ఒక ఇనుప కొక్కెం. ఏదో ఫ్యాక్టరీలో ఒంటినిండా అంకెలు అచ్చు వేయించుకుని, టెండరులో అందరికంటే చవగ్గా దొరికానన్న ఒక్క గొప్పతనంతో మున్సిపాలిటీకి వచ్చాను. ఇప్పుడు ఆఫీసు వెనక పాత సామాన్ల గదిలో పడి ఉన్నాను. అలవాటైపోయింది.

మొదట నన్ను బిల్ కలెక్టర్ వీరేశం చేతిలో పెట్టారు. ఇళ్లు కొలిచి ఆస్తిపన్ను లెక్కగట్టడం అతని పని. చాయ్ ఇచ్చిన ఇంట్లో నన్ను గోడకు జానెడు ఇవతల పెట్టేవాడు. మాట పడనివాళ్ల ఇంట్లో అరుగును కూడా కలిపి కొలిచేవాడు. నాకేమీ అనిపించేది కాదు. నన్ను ఎక్కడ పెడితే అక్కడే నా సున్నా.

ఈ బాగోతం చూసే కౌన్సిల్‌లో ఇళ్ల రీసర్వే ప్రైవేటు కంపెనీకి ఇద్దామన్నారు. చేతివాటం పోతుందని ఒకాయన, బయటివాడికి మన గల్లీలేం తెలుసని ఇంకొకాయన పొద్దుగూకేదాకా అరుచుకున్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. కంపెనీ వచ్చింది, డ్రోన్ తెచ్చింది. నేను వీరేశం సంచిలో ఊరికే తిరిగాను.

మా వార్డు మీద డ్రోన్ ఎగిరిన రోజే బాలామణి ఇంట్లో ఆమె భర్త ఓదెలు దినాలు. చనిపోయినవాళ్లకు పదకొండో రోజు చేసే కర్మ అది. వాకిలంతా టెంటు వేసి చుట్టాలకు భోజనాలు పెట్టారు. సాయంత్రానికి టెంటు విప్పేశారు. పైనుంచి తీసిన ఫోటోలో మాత్రం అది అలాగే ఉండిపోయింది. కొన్నాళ్లకు నోటీసు వచ్చింది. రెండు గదుల రేకుల ఇల్లు కాస్తా ఫంక్షన్ హాల్ అయింది. మిషన్ కుట్టి బతికే మనిషి అంత పన్ను ఎక్కడ కట్టగలదు? కట్టకపోతే నల్లా నీళ్లు కట్ చేస్తామని అందులోనే రాశారు.

బాలామణి ఆఫీసుకు వచ్చింది.

"అది మా ఆయన దినాలకేసిన టెంటు సారూ. ఆ పొద్దే ఇప్పుకపోయిండ్రు."

"నాకు తెల్వదా అక్కా? నేను గూడ ఆ టెంటు కిందనే తిన్న," అన్నాడు వీరేశం తల దించుకుని. "గని మా చేతుల ఏం లేదు. కంపెనోల్లే దిద్దాలె."

అయినా వెళ్లి కొలిచాడు. బాలామణి నా కొస పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. ఖాళీ వాకిలి అని వీరేశం రాసి పంపాడు. చేతి కొలతలు చెల్లవని కంపెనీ తిప్పికొట్టింది. డ్రోన్ మళ్లీ ఎగిరినప్పుడు వాకిలి ఖాళీగా కనిపిస్తే సరిచేస్తామని ఒక తేదీ చెప్పింది.

అది ఓదెలు సంవత్సరీకం రోజు. తిథిని మార్చడానికి వీల్లేదు, తేదీ మార్చడానికి కంపెనీ ఒప్పుకోలేదు.

బాలామణి టెంటు వేయించలేదు. మాడు పగిలే ఎండలో చుట్టాలు వాకిట్లో బంతికి కూర్చున్నారు.

"మా అన్న ఏడాదికి నీడ గూడ ఎయ్యకపోయె," అంది ఆడబిడ్డ అందరికీ వినబడేలా.

బాలామణి వడ్డిస్తూ మాటిమాటికీ పైకి చూసింది. ముసలి మామ తువ్వాల తల మీద పరుచుకుంటే, "తియ్యి మామా, దాన్ని గూడ టెంటంటరు," అంది. మామ తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

నేను గోడ పక్కన, భోజనానికి వచ్చిన వీరేశం సంచిలో ఉన్నాను. నాలాంటి దానికి కూడా ఆ పూట బాధేసింది.

డ్రోన్ రాలేదు. గాలి ఎక్కువగా ఉందని ఇంకో రోజుకు వాయిదా వేశారట. బంతులన్నీ లేచాక వీరేశానికి ఫోన్ వచ్చింది. చెబుదామని ఆమె దగ్గరికి వెళ్లాడు. బాలామణి ఎంగిలాకులు ఎత్తుతోంది.

"వచ్చి పోయిందా సారూ? నాకు కండ్లు చీకట్లు గమ్మి కానరాలే."

వీరేశం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పోయిందక్కా," అన్నాడు.

ఆమె ఆకులు కింద పెట్టి, చేతులు కడుక్కుని, ఇంట్లోకి వెళ్లి నీడన కూర్చుంది. అప్పుడు ఏడ్చింది, మొగుడి కోసం.