బిగించని నట్టు

దీపావళికి ముందు ఆదోనిలో పళ్ల డాక్టరు వంశీ నోట్లో టార్చి వేసి చూసి, బుగ్గ లోపల తెల్లమచ్చ ఉందన్నాడు. "గుట్కా ఇప్పుడే ఆపితే మచ్చతో పోతుంది. లేదంటే నేనేం చెప్పలేను." వంశీ ఆ రోజే మానేశాడు.

మానేశాక ఆ చేతులతో ఏం చేయాలో తోచలేదు. పగలు వాళ్ల నాయన పత్తి మండీలో లారీలు, తూకాలు, రైతులతో మాటలు, ఎట్లో గడిచిపోయేది. ఇంటికొచ్చాకే తంటా. చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయేది. టీవీ ముందు కూర్చుంటే కాళ్లు ఊగేవి. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి వాకిట్లోకి పోయి వచ్చేవాడు.

ఒక పొద్దున చలికి కారు మొరాయించింది. మెకానిక్కు ఎంతకీ రాలేదు. వంశీ ఫోనులో వీడియో చూసి, బ్యాటరీ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి, గీకి, వైర్లు మళ్లీ బిగించాడు. కారు స్టార్టయింది. అంతసేపూ గుట్కా గుర్తుకే రాలేదు. చేతినిండా మడ్డి ఉంటే ఆ చెయ్యి నోటిదాకా పోదని అప్పుడే తెలిసింది.

ఇంక పట్టపగ్గాల్లేవు. స్పానర్ల సెట్టు కొన్నాడు. కారుకు ఇంజనాయిలు మార్చాడు. తన బండి చైను కిరోసిన్లో కడిగాడు. సొంతవి అయిపోయాక వీధిలోవాళ్ల స్కూటర్లు అడిగి మరీ విప్పాడు. అతని భార్య సాయిశ్రీ ఇల్లంతా కిరోసిన్ కంపు కొడుతున్నా ఏమీ అనలేదు. అంతకుముందు మొగుడి దగ్గర వచ్చిన వాసన కంటే ఇదే నయమనుకుంది.

పుష్యమాసంలో ఇద్దరూ కారులో ఎమ్మిగనూరు పోయారు, సాయిశ్రీ పుట్టింటికి. ఆమె తండ్రి రంగనాయకులు చేనేత పని చేస్తాడు. పిల్లలిద్దరూ ఇష్టపడి చేసుకున్న పెళ్లి. ఆయన కాదనలేదు, అట్లని అల్లుడితో కలిసిపోనూ లేదు. "బాగుండావా" అని ఒక మాట, "తిన్నావా" అని ఇంకో మాట. అంతే.

ఆయన బండి వాకిట్లో ఆపుతుంటే వెనక బ్రేకు కీచుమంది. వంశీకి ప్రాణం లేచొచ్చింది.

"మామా, బ్రేకు లైనర్లు అరిగిపోయినాయి. నేను మారుస్తా."

"నీకొస్తుందా?"

"వస్తుంది మామా."

రంగనాయకులు ఒక్క క్షణం ఆలోచించి, తాళంచెవి అల్లుడి చేతిలో పెట్టి లోపలికి పోయి మగ్గం మీద కూర్చున్నాడు.

వంశీ బజారుకు పోయి లైనర్లు తెచ్చాడు. పేపరు పరిచి, వెనక చక్రం ఊడదీసి, మసి తుడిచి, కొత్తవి వేశాడు. చక్రం ఎక్కించాడు. బ్రేకు ప్లేటు తిరిగిపోకుండా పట్టుకునే ఇనుపకడ్డీ ఒకటుంటుంది. దాని బోల్టు దూర్చాక ఉన్నట్టుండి లేచి, వీధిలోకి పోయి కాసేపటికి తిరిగొచ్చాడు. అప్పుడే అత్త ఇందిరమ్మ అన్నానికి పిలిచింది. వంశీ చేతులు కడుక్కున్నాడు.

మరుసటి పొద్దున, మంచు ఇంకా విడవకముందే, రంగనాయకులు బండి తీసుకుని కోడుమూరు బయల్దేరాడు. అక్కడ చిన్ననాటి స్నేహితుడు కాశప్పకు ఒంట్లో బాగాలేదు.

వంశీ టీ తాగి స్పానర్లు సర్దుకోబోయాడు. మడిచిన పేపరు దులిపితే ఒక నట్టూ, అది జారకుండా వేసే చిన్న పిన్నూ గచ్చు మీద పడ్డాయి. చూడగానే అవి ఎక్కడివో తెలిసింది. ఆ నట్టు లేకపోతే బోల్టు ఊడొస్తుంది. బోల్టు ఊడితే, బ్రేకు తొక్కగానే వెనక చక్రం ఉన్నపాటున పట్టేస్తుంది.

ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు.

"సాయీ, కారెక్కు!"

కారు ఊరు దాటింది. సాయిశ్రీ తండ్రికి ఫోను చేస్తూనే ఉంది. పొగమంచులో ఎదురొచ్చే ప్రతి బండీ మామదే అనిపించింది వంశీకి.

"నట్టు ఎట్ల మర్చిపోయినావు? మధ్యలో లేచి యాడికి పోయినావు నువ్వు?" అంది సాయిశ్రీ.

వంశీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అంగడికి."

"ఎందుకు?"

"తిన్నా సాయీ. ఒక్కటే. వెంటనే ఉమ్మేసినా. మీ అమ్మకు వాసన తెలుస్తుందేమోనని నోరు కడుక్కునే తొందరలో ఉండినా. బండి సంగతే మతికి లేకపాయె."

ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. "ముందు మా నాయన బాగుండనీ" అంది చివరికి.

గోనెగండ్ల దాటాక రోడ్డు పక్కన నలుగురు గుమిగూడి ఉన్నారు. బండి పత్తిచేను గట్టున పడి ఉంది. రంగనాయకులు రాయి మీద కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. మోచెయ్యి దోక్కుపోయింది. మణికట్టు వాచింది.

"కుక్కేమన్నా అడ్డమొచ్చిందా అన్నా?" అని ఒకరు అడుగుతున్నారు. "బండి పాతది గదప్పా" అన్నాడు ఇంకొకరు.

"ఊ, పాతదే" అన్నాడు రంగనాయకులు.

ఊరుకుంటే అంతటితో పోయేది. వంశీ మామ ముందు కూర్చుని పిడికిలి విప్పాడు.

"బండిది కాదు మామా తప్పు, నాది. ఈ నట్టు బిగించలేదు నేను. పని మధ్యలో గుట్కాకు లేసిపోయినా."

రంగనాయకులు నట్టును చూశాడు, అల్లుణ్ని చూశాడు. లేచి, కూతురి భుజం పట్టుకుని కారు దగ్గరికి నడిచాడు.

ఎముక చిట్లిందన్నారు ఆసుపత్రిలో. పిండికట్టు వేసి, శివరాత్రి దాకా మగ్గం ఎక్కొద్దన్నారు. ఇంటికొచ్చాక ఇందిరమ్మ అల్లుడి ముఖం చూడకుండానే అన్నం వడ్డించింది.

ఆదోనికి తిరిగొచ్చాక వంశీ స్పానర్లు ముట్టుకోలేదు. చేతులు ఊరుకోలేదు. పెన్నుల మూతలు కొరికాడు, మండీలో గోనెసంచుల దారాలు పీకాడు. గుట్కా అంగడి వీధి వదిలి చుట్టూ తిరిగి ఇంటికి పోయాడు. సాయిశ్రీ అతనితో అవసరమైనంతే మాట్లాడింది. ఆదివారం వస్తూనే "ఎమ్మిగనూరు పోదామా?" అన్నాడు. ఆమె చెప్పులేసుకుంది.

ఆటోలో తెచ్చి గోడకు ఆనించిన బండి అట్లే ఉంది. రంగనాయకులు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అల్లుణ్ని చూసి, "ఏమప్పా, ఎవురన్నా దాన్ని బాగు చేసేది ఉందా?" అన్నాడు.

"మెకానిక్కును పిలుస్తా మామా."

"ఎవురినో పిలిచేదెందుకు? నువ్వే చెయ్. నేను చూస్తాంటా."

వంశీ పేపరు పరిచాడు. వంకరపోయిన కడ్డీ తీసి కొత్తది పెట్టాడు. చక్రం సరిచేస్తుంటే మళ్లీ గుట్కా మీదికి మనసు లాగింది. స్పానరు కింద పెట్టాడు. మోకాళ్ల మీద చేతులు ఆన్చి సగం లేచాడు.

"యాడికి?"

వంశీ చూపు వీధి వైపు పోయింది.

"కూసో" అన్నాడు రంగనాయకులు. "నాకు మాత్రం ఈ కుర్చీలో కూసోబుద్ధి అయితాందా? మూడుసార్లు మగ్గం కాడికి పోయొచ్చినా పొద్దున్నించి. ఉత్తచేతుల్తో ఉండడం నాకూ తెలీదప్పా. పిచ్చి పడతాంది."

వంశీ తలెత్తి చూశాడు. మామ కాలు గచ్చు మీద టకటకా కొట్టుకుంటోంది.

వంశీ మళ్లీ కింద కూర్చున్నాడు. స్పానరు తీసుకుని నట్టు బిగించాడు, పిన్ను దూర్చి కొసలు వంచాడు. రంగనాయకులు కుర్చీ దగ్గరికి జరుపుకుని వంగి చూశాడు.

"ఇంకో తిప్పు తిప్పు," అన్నాడు. "ముందు బ్రేకు గూడా విప్పి చూస్తువు. పొద్దు చానా ఉంది."