వెనక చక్రం కీచు

మా నాన్న కార్ల రిపేరు షెడ్డు మీద బోర్డు ఉంది: "అందోన్, కొడుకు". ఆ కొడుకు మా తమ్ముడు కామెన్. చిన్నప్పుడు వాడు మంచులో జారుతూ ఆడుకుంటుంటే, నాన్న పక్కన చలికి వణుకుతూ లైటు పట్టుకుని కూర్చున్నది నేను. అలా లైటు పట్టుకుంటూనే బండ్ల పని నేర్చుకున్నాను. ఇప్పుడు ప్లోవ్‌దివ్ నగరంలో ఒక పెద్ద వర్క్‌షాపులో పద్నాలుగేళ్ళుగా బ్రేకులే చేస్తున్నాను. నాన్న నలుగురి ముందు ఒక్కసారి "మా రుమ్యానా మెకానిక్కు" అంటే చాలు నాకు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నలభై మూడేళ్ళొచ్చినా ఆ ఆశ చావలేదు.

జనవరిలో కామెన్ భార్య, మా మరదలు వేలిచ్కా ఫోన్ చేసింది. వాళ్ళ పెద్ద బండికి మావయ్యగారు వెనక బ్రేకు ప్యాడ్లు మార్చి పది రోజులైందట. అప్పటినుంచీ కీచుమంటూనే ఉందట. వాళ్ళ ఇల్లు కొండ అవతల, పిల్లల బడి నాన్న ఊళ్ళో. రోజూ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని రోజెన్ కనుమ దాటి బడికి దింపాలి తను. కామెన్‌కి చెబితే రేడియో సౌండు పెంచుకోమన్నాడట.

"నాకు భయంగా ఉంది వదినా," అంది. "మావయ్యగారితో చెప్పకండి, బాధపడతారు."

కిటికీ దించి ఫోన్ బయటికి పెట్టి నడపమన్నాను. బ్రేకు నొక్కినప్పుడే కాదు, నొక్కనప్పుడూ కీచుమంటోంది. ప్యాడ్ వదలడం లేదన్నమాట. నాన్న ఏం చేసి ఉంటాడో అప్పుడే అర్థమైంది. పాత బండ్ల యార్డులో ఆ మోడల్‌కి సరిపోయే కాలిపర్, అంటే ప్యాడ్లని డిస్కుకి అదిమే భాగం, ఒకటి వెతికి పట్టుకుని, దానితోపాటు కొత్త ప్యాడ్లు, పిస్టన్ తిప్పే పనిముట్టు సంచీలో వేసుకుని మా ఊరు చెపెలారే బస్సెక్కాను.

ఆ రోజు పదిహేడో తేదీ, సెయింట్ అంతోనీ పండుగ. అందోన్ అన్నా అంతోనీ అన్నా ఒకటే కాబట్టి నాన్న పేరు పండుగా అదే, కమ్మరుల పండుగా అదే. పిలవకపోయినా ఊరంతా వస్తుంది, ఇనుము పని చేసేవాళ్ళెవరూ ఆ రోజు పనిముట్టు ముట్టరు. నాన్న తెల్లచొక్కా తొడుక్కుని గుమ్మంలో వచ్చినవాళ్ళకి రకియా, పళ్ళ సారా, పోస్తున్నాడు. కామెన్ పెరట్లో మాంసం కాలుస్తున్నాడు. వేలిచ్కా అప్పుడే కనుమ దిగి వచ్చింది. నేను సరాసరి ఆమె బండి దగ్గరికి వెళ్ళి నాలుగు చక్రాల మీదా గుప్పెడు గుప్పెడు మంచు వేశాను. మూడింటి మీద మంచు మెల్లగా జారింది. వెనక కుడి చక్రం మీద సుయ్యిమని ఆవిరైపోయింది.

నాన్న చూశాడు. రకియా సీసా బల్ల మీద పెట్టి వచ్చాడు.

"ఈ రోజు పని చెయ్యకూడదమ్మాయ్."

"అది సెయింటుకి నేను చెప్పుకుంటాను. పిల్లలు సాయంత్రం ఈ బండిలోనే వెళ్ళాలి. నువ్వు లైటు పట్టుకో."

ఎదురు చెబుతాడనుకున్నాను. తాళాలు అందుకున్నాడు. బండిని షెడ్డులోకి తోలి తలుపు మూశాడు.

చక్రం విప్పాను. డిస్కు నీలంగా మాడి ఉంది, పది రోజుల ప్యాడు సగం అరిగిపోయింది. నాన్న నలభై ఏళ్ళు చేసింది పాతకాలం లాడా కార్లు. వాటికి ముందు చక్రాలకే డిస్కులు, పిస్టన్‌ని బిగింపు పెట్టి తిన్నగా వెనక్కి నొక్కేస్తే చాలు. ఈ బండికి వెనక పిస్టన్‌ని తిప్పుతూ నొక్కాలి, హ్యాండ్‌బ్రేక్ దానిలోనే ఉంటుంది. నాన్న బలంకొద్దీ నొక్కేశాడు, లోపల విరిగింది. చలికాలంలో హ్యాండ్‌బ్రేక్ వేస్తే గడ్డకడుతుందని ఇక్కడ ఎవరూ వెయ్యరు. అందుకే అది పోయిందని ఎవరికీ తెలియలేదు.

తెచ్చిన కాలిపర్ బిగించాను. ఎడమ వైపు కూడా కొత్త ప్యాడ్లు వేస్తూ పిస్టన్ ఎలా తిప్పాలో చూపించాను. నాన్న లైటుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చేతులు అంత ముసలివైపోయాయని అప్పుడే తెలిసింది. బ్రేకు గొట్టంలో గాలి తీయడానికి బండెక్కి బ్రేకు తొక్కమన్నాను. తొక్కు అంటే తొక్కాడు, పట్టు అంటే పట్టాడు. జీవితంలో నా మాట విన్నది ఆ పది నిమిషాలే.

దిగాక మెల్లగా అన్నాడు, "నువ్వు రాకపోతే నా మనవలు ఏమయ్యేవారో."

అంతే. నాకు అది చాలదూ? చాలలేదు. బయట ఇరవై మంది ఉన్నారు. ఆ మాట బయట అంటాడనుకున్నాను. పిచ్చిదాన్ని!

బల్ల దగ్గర కూర్చున్నాం. నా గోళ్ళ నిండా నల్లటి బ్రేకు పొడి, సబ్బు పెట్టినా వదల్లేదు. వేలిచ్కా పిల్లలకి కోట్లు తొడుగుతూ అడిగింది, అందరూ వింటుండగా.

"మావయ్యగారూ, బండి ఎవరు చేశారు? ఒక్క మాట చెప్పండి, నిశ్చింతగా కనుమ ఎక్కుతాను."

నాన్న నా వైపు చూశాడు. తర్వాత కామెన్ వైపు చూశాడు. వాడు పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నుంచి కదలలేదు, చేతులకి మాంసం కొవ్వు అంటుకుని ఉంది. ఆ సంగతి ఇరవై మందీ చూశారు.

"కామెన్ చేశాడు," అన్నాడు నాన్న. "మా రుమ్యానా లైటు పట్టుకుంది."

ఎవరో కామెన్ గ్లాసు నింపారు. వాడు తల దించుకుని తాగేశాడు. వేలిచ్కా నా గోళ్ళు చూసింది, నేను చూడగానే చూపు తిప్పేసుకుంది. ఆ ఇంటి కోడలిగా కాపురం చెయ్యాల్సింది తను.

నోరు తెరిస్తే పండుగ పూట ముసలాయన పరువు తీసినదాన్నవుతాను. నాన్న తెల్లచొక్కా చేతి పట్టీ మీద లైటు వైరు రాసుకున్న నల్లటి గీత ఒకటి ఉంది. ఆ చొక్కా రేపు ఉతికేస్తారు.

సంచీ తీసుకుని లేచాను. నాన్న గుమ్మం దాకా వచ్చాడు.

"ఆ పిస్టన్ తిప్పేది ఇక్కడే వదిలి వెళ్ళమ్మా," అన్నాడు. "తమ్ముడికి పనికొస్తుంది."

తీసి ఆయన చేతిలో పెట్టాను. బస్టాపులో నిలబడి ఉండగా వేలిచ్కా బండి వచ్చింది. మలుపు దగ్గర బ్రేకు వేసింది. వెనక అద్దంలోంచి పిల్లలు చేతులు ఊపారు. చిన్న చప్పుడు కూడా లేకుండా బండి కనుమ వైపు వెళ్ళిపోయింది.