బలరామయ్య పడుకొని పోయిన దారి

ఇప్పుడు చెప్పబోయేది అక్షరం అక్షరం నిజం. ఆవగింజంత కూడా పెంచలేదు. పెంచినానంటే నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఈ అరుగు మీదే రాలిపోనీ. ఆ మాటకొస్తే జరిగినదాంట్లో సగమే చెప్తా ఉండాను. మొత్తం చెప్తే నువ్వు తట్టుకోలేవు.

కరికొండపల్లెలో అమ్మణి రోజూ కోడికంటే ముందు లేస్తాది. ఎండ తగిలితే మల్లెమొగ్గ విచ్చుకుంటాది, విచ్చుకున్న పువ్వును గుడియాత్తం అంగట్లో ఎవరూ తాకరు. అందుకని చల్లగా ఉన్నప్పుడే కోసి, తడిగుడ్డలో మూటకట్టి, ఆరుంబావు బస్సులో వేసి పంపిస్తాది. రోజుకు తొమ్మిది లక్షల మొగ్గలు. ఆమె వేళ్ళాడే వేగానికి గాలి పుట్టి పక్క చేన్లో చెనిక్కాయ చెట్లు ఊగుతాయి. ఇంతా చేసి ఆమెకుండేది నలభై సెంట్లే. అదీ ఒక పక్కన కుప్పగా లేదు. జడకు కట్టే రిబ్బన్ మాదిరి, తారు రోడ్డు కాడ మొదలై ఊరి వెనకుండే కరికొండ పాదం దాకా సన్నగా సాగిపోతాది. మొగుడు పోయినాక ఆ రిబ్బనే ఆమెకు అన్నం పెట్టింది, కూతురు నందితను కాట్పాడిలో కాలేజీకి పంపింది.

ఆ రిబ్బన్ మీదే కన్ను పడింది.

కరికొండ నల్లరాయి కొండ. కోసి మెరుగుపెడితే మొహం కనిపిస్తాది, మనసులో ఉండేది కూడా కనిపిస్తాదని చెప్పుకుంటారు. దాన్ని తవ్వుకుంటామని వేలూరు నుంచి ఒక కంపెనీ అర్జీ పెట్టింది. కొండ గవర్నమెంటుది కాబట్టి ఆ పక్క చిక్కు లేదు. చిక్కంతా దారిది. తారు రోడ్డు నుంచి కొండ దాకా లారీ పోయే దారి చూపిస్తేనే పర్మిషను. తాలూకా ఆఫీసులో ఉండే పాత పటంలో 'బండిదారి' అని ఒక గీత ఉండాది. ఆ గీత నేల మీద యాడ పోతాదో చెప్పే సర్వే రాళ్ళు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

"ఆ బండిదారి మీదే కదా అమ్మణి మల్లెచెట్లు నాటుకొనుండేది," అన్నాడు వరదరాజులు. ఊర్లో పెద్ద ఇల్లు, పెద్ద మీసం, పెద్ద గొంతు, మూడూ ఆయనవే. కంపెనీలో ఆయనకు భాగముందని కొందరు, అసలు కంపెనీయే ఆయనదని కొందరు.

"అది మా మామగారి పట్టా భూమి అన్నా," అనింది అమ్మణి.

"పట్టాలో కొలత ఉండాదమ్మా. ఆ కొలత యాడ నుంచి మొదలుపెట్టేది? రాయి యాడుండాది చూపించు."

రాళ్ళు ఏమైపోయినాయో ఎవరికీ తెలీదు. కొండ కింద మేకలు పెట్టుకొని బతికే మారియమ్మ మాత్రం, వరదరాజులింటి పెరట్లో గుడ్డలుతికే రాళ్ళు నాలుగూ ఒకే కొలతగా ఉండాయే, ఏం విచిత్రమో, అని ఒకసారి అనింది. అని, మళ్ళీ మేకల వెనక పోయింది.

తెలిసిన ముసలోళ్ళను అడుగుదామంటే, నలుగురు నాలుగు దిక్కులు చూపించినారు. వాళ్ళలో ఇద్దరు అప్పుడే వరదరాజులింట్లో కాఫీ తాగి మూతి తుడుచుకుంటా వచ్చినోళ్ళు.

ఊరి భూముల లెక్క చూసే వి.ఏ.ఓ. కలైయరసి రెండు పక్కల మాటా విని పుస్తకం మూసింది. "సరి, ఇరుంగ, ఉండండి. పాడె పోనీండి. అప్పుడు రాసేస్తా," అనింది.

మా పక్క వాడిక అదే కదా. కరికొండపల్లెలో చచ్చినోళ్ళను ఎవరూ తీసకపోరు, వాళ్ళే పోతారు. మోసేవాళ్ళు భుజం ఇస్తారు, అంతే. బతికుండగా ఏ దారిన ఎక్కువ తిరిగినారో ఆ దారినే పాడె పోయి, కొండ కింద సుడుగాడు, అదే శ్మశానం, చేరతాది. పోస్టుమాన్ శివలింగం పోయినప్పుడు పాడె నూటనలభై వాకిళ్ళ ముందర నిలబడింది. రెండు ఇండ్ల కాడ సంతకం కోసం కాచుకొనింది. పాడె పోయిన జాగా దారి అని ఊరు ఒప్పుకుంటాది, ఆఫీసరు రాసుకుంటాది, ఆ తరువాత మనుషులు తిరగతా ఉన్నంత కాలం దాన్ని మూసే హక్కు ఎవరికీ లేదు.

మిగతా జనమంతా తారు రోడ్డున చుట్టుకొని పోయేవాళ్ళే. బండిదారిన పోయినోడు ఊరికంతా ఒక్కడు, బండి బలరామయ్య. ఊర్లో ఉండింది ఒకటే బండి, అది ఆయనదే. కొండకట్టెలు, సీతాఫలాలు, ఎరువు అన్నీ ఆ బండి మీదే వచ్చేవి. ఎద్దులు పోయి నలభై ఏండ్లయింది. ఇప్పుడాయనకు నూటపద్నాలుగేండ్లు. ఆధార్ కార్డులో తొంబైమూడని ఉండాది గానీ, ఆ కార్డు తీసినోడికి అంత దూరం లెక్కబెట్టే ఓపిక లేకపోయింది.

కలైయరసి ఆయన చెవి దగ్గర అడిగింది. "తాతా, బండి యాడ తోలేవాడివి?"

"నాకేం తెలుసు తల్లీ. ఎద్దులకు తెలుసు. నేను బండెక్కి పడుకుంటే కొండ కాడ లేస్తా ఉంటి."

అది ఆమె రాసుకోలేదు.

మూడో రోజు కంపెనీ మనిషి దినకర్ వేలూరు నుంచి దిగినాడు. చేతిలో తెల్ల బూట్లు, నాలుగు కాళ్ళ ఊతకర్ర, హార్లిక్స్ బుడ్డి. బలరామయ్యకు బూట్లు తానే తొడిగి, "డాక్టరు నడవమన్నాడు తాతా," అని చేయి పట్టుకొని, తారు రోడ్డు నుంచి కొండ దాకా నేరుగా అమ్మణి మల్లెతోటలో నడిపించినాడు. పొద్దున ఆరు సార్లు, సాయంత్రం ఆరు సార్లు.

అమ్మణి కంచె కాడ నిలబడి చూసింది. "ఏం తంబీ, నడిచేదానికి ఊర్లో ఇంక చోటే లేదా?"

"ఇక్కడ మల్లెవాసన కదక్కా. ఊపిరితిత్తులకు మంచిది."

"ఎవరి ఊపిరితిత్తులకు?"

దినకర్ నవ్వి, పెద్దాయన్ను ఇంకో రెండు సార్లు ఎక్కువ తిప్పినాడు.

పొమ్మని చెప్పేదానికి లేదు. బలరామయ్య ఆమె మొగుడికి మేనమామ. "మామా, కాళ్ళు నొయ్యవా నీకు?" అని మెల్లగా అడిగింది.

"కొండ కాడ బిస్కెట్టిస్తాడు పాపా," అన్నాడాయన సంతోషంగా.

అప్పటికి ఆమెకు విషయం పూర్తిగా అర్థమైంది. మర్నాటి నుంచి తారు రోడ్డు వంపులో పొయ్యి పెట్టి అరటికాయ బజ్జీ వేయడం మొదలుపెట్టింది. అట్లయినా ఆయన చుట్టుదారిన రెండు సార్లు తిరిగితే అంత మేలు కదా. ముసలాయన ఇద్దరి మాటా విన్నాడు. తోటలో నడిచి బిస్కెట్టు తిన్నాడు, రోడ్డున నడిచి బజ్జీ తిన్నాడు.

ఊరంతా ఒకరి కాళ్ళు ఒకరు చూసుకొనే కాలం వచ్చింది. ఎవడైనా పక్కవాడి గట్టు మీద రెండు రోజులు వరసగా నడిస్తే, మూడో రోజు ఆ గట్టు మీద ముండ్లకంప పడేది. ఇంటికొచ్చిన అల్లుడు ఏ పక్క నుంచి వచ్చినాడని అత్త అడిగింది. హార్లిక్స్‌లో ఏం కలిపినారో అని మారియమ్మ ఒక గుక్క ముందు మేకకు పోసి చూసింది. ఆ మేక ఆ నెల ఏడు పిల్లల్ని ఈనింది. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

"ముసలాయనకు నువ్వే ఏమన్నా పెట్టేస్తావని ఊరు అనుకుంటా ఉండాది," అని చెప్పింది మారియమ్మ, బజ్జీ తింటా.

"ఆయన పోతే నష్టం ఎవరికి? నాకే కదా," అనింది అమ్మణి. "నందిత చదువు ఇంకా రెండేండ్లుండాది. పాడె నా తోటలో దిగిందంటే, చెట్లన్నీ పెరికించుకొని నేను ఆంబూరులో చెప్పులు కుట్టుకోవాల. ఆయన్ను బతికించుకోవాల మారియమ్మా, ఇంకేం చేసేది."

ఏడాది తిరిగింది. ఇంత నడక, ఇంత తిండి. బలరామయ్యకు వెంట్రుకలు నల్లబడినాయి, కొత్తగా ఒక పన్ను మొలిచింది. దినకర్ మాత్రం ఎండకు నల్లబడి, కాళ్ళు వాచి, బూట్లు తానే తొడుక్కొని తిరగతా ఉండినాడు. అమ్మణి తోట నడిమిట్లో చారగా నేల గట్టిపడింది. గడ్డి కూడా లేవలేదు. ఆమె రోజూ దాన్ని తవ్వి నీళ్ళు పోసేది. రోజూ ఆ చార మళ్ళీ పడేది.

ఆవణి నెలలో ఒక బుధవారం, పొద్దున పదకొండుకు, ఒక చేతిలో బజ్జీ, ఒక చేతిలో బిస్కెట్టు పట్టుకొని, ఏది ముందు తినాలా అని ఆలోచిస్తా బలరామయ్య పోయినాడు.

మర్నాడు సాయంత్రం నాలుగుకు పాడె లేచింది. ముందర ఏళుమలై, ఆయనతో ఇంకా ముగ్గురు భుజం ఇచ్చినారు. ఊరంతా వచ్చింది. వరదరాజులు ఇస్త్రీ చొక్కాలో వచ్చినాడు. కలైయరసి పుస్తకం, టేపు పట్టుకొని వెనకనే నడిచింది. పాడె ఊరు దాటి, తారు రోడ్డున వచ్చి, నేరుగా అమ్మణి తోట ముందర నిలబడింది.

అమ్మణి తెల్లారి కోసిన మొగ్గలన్నీ బస్సుకు పంపకుండా ఆయనకే దండ కట్టింది. అది మెడలో వేసి, ఎవరూ చెప్పకముందే కంచెలో ముండ్లకంప పట్టి పక్కకు లాగింది. చేతికి ముల్లు గీరుకొని రక్తం వచ్చింది. "పో మామా," అనింది. "పెద్దవాడివి. నీకు అడ్డం నిలబడను."

పాడె కదల్లేదు.

దినకర్ తోటలోకి పోయి నిలబడి, "తాతా, ఇట్లా," అన్నాడు. జేబులోంచి బిస్కెట్టు పొట్లం తీసి చూపించినాడు. చావు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

పాడె ఒక పక్కకు వొరిగింది. మోసే నలుగురికీ తలలు కిందికి వంగినాయి, అడుగులు జతలు జతలుగా పడినాయి, మూపు మీద కాడి ఉన్నట్టు మెడలు ఊగినాయి. మెల్లగా, ఏ తొందరా లేకుండా, పాడె వెనక్కి తిరిగి రెండొందల గజాలు పోయి వరదరాజులు ఇంటి గేటులో దూరింది.

"ఏయ్ ఏళుమలై, తిప్పరా," అన్నాడు వరదరాజులు.

"నేనేం చేసేదయ్యా. భుజాలే మావి, పోయేది ఆయన," అన్నాడు ఏళుమలై తలెత్తకుండానే.

"ఏడాది పొడుగునా నా చేయి పట్టుకొని నడిచినాడే," అన్నాడు దినకర్.

"నడిచింది వేరేప్పా," అనింది మారియమ్మ. "పడుకుంటే ఆయనకు తెలిసిన దారి ఒకటే."

కారు పక్కగా, మెట్లెక్కి, హాల్లో సీరియల్ ఆడతా ఉన్న టీవీ ముందర, అన్నం గదిలో, అట్లా వంటింట్లోకి పోయింది పాడె. దోసె తిప్పతా ఉండిన వరదరాజులు భార్య పొయ్యి తగ్గించి పక్కకు జరిగి దోవ ఇచ్చింది. వెనక తలుపున పెరట్లో దిగి, గుడ్డలుతికే రాళ్ళ నడుమ పోయి, కొండ పక్కకు సాగింది. కలైయరసి ఆ రాళ్ళ కాడ ఒక్క నిమిషం నిలబడింది. వంగి సబ్బు నురగ తుడిచి చూసింది. రాయి మీద సర్వే వాళ్ళు చెక్కిన బాణం గుర్తు, దాని కింద నెంబరు. నాలుగింటికీ ఉండినాయి.

"మా నాయన కట్టించిన ఇల్లమ్మా ఇది," అన్నాడు వరదరాజులు, గొంతు తగ్గించి.

"ఆమా, అవును సార్," అనింది కలైయరసి, రాసుకుంటా. "బండిదారి మీద."

అమ్మణి నలభై సెంట్ల ఎదురుగా 'పట్టా భూమి, దారి లేదు' అని రాసి, కింద ముద్ర వేసింది.

మర్నాడు పొద్దున్నే దినకర్ వరదరాజులింటికి పోయినాడు. ఏడాది తరువాత అతని మొహంలో మొదటిసారి నవ్వు. "సార్, మనకు దారి దొరికింది. లారీలు రావాలంటే ఇల్లు తీసేయాల. ఎప్పుడు ఖాళీ చేస్తారు?"

సోమవారం తొలి బస్సుకే వరదరాజులు వేలూరు కలెక్టరాఫీసుకు పోయినాడు. కొండ తవ్వితే దుమ్ము లేస్తాదని, నీళ్ళు అడుగంటిపోతాయని, కొండ మీద నక్కలు నిద్ర లేక చచ్చిపోతాయని పదిహేడు పేజీల అర్జీ. మొదటి సంతకం ఆయనదే. కంపెనీవాళ్ళు అణైకట్ పక్క ఇంకేదో కొండ చూసుకుంటా ఉండారంట. అమ్మణి తోటలో ఆ చార మీద ఇప్పుడు గడ్డి లేచింది. నందిత ఈ ఏడు పరీక్ష ఫీజు కట్టేసింది.

అంతా బాగుండాది గానీ, నాకు ఒక అనుమానం. వారం రోజులుగా వరదరాజులు వెనక తలుపు మూసిపెడతా ఉండాడు. దోమలంట. మా ఊర్లో మూడు నెలలు మనిషి పోకపోతే దారి దారి కాకుండా పోతాది. ఆయన ఆ మూడు నెలలే లెక్కబెడతా ఉంటాడు. ఆ దారి పోయిందంటే కన్ను మళ్ళీ అమ్మణి రిబ్బన్ మీదే పడతాది. కాబట్టి ఊరికే కూర్చోవద్దు నాయనా, లే. ఇదో, ఈ గిన్నెలో ఊరిబిండి పచ్చడి ఉండాది, మారియమ్మకు ఇచ్చేసి రా. చుట్టుకొని పోవద్దు. గేటు తీసి, హాల్లో నేరుగా నడిచి, వంటింటి తలుపు గడియ నువ్వే తీసుకొని దిగు. చెప్పులు విప్పవద్దు, దారిన పోయేవాడు చెప్పులు విప్పతాడా. ఆయన కూర్చోమంటాడు, కాఫీ ఇస్తానంటాడు, తాగవద్దు. వచ్చేటప్పుడు కూడా అట్లే రా, కాస్త నిదానంగా.