బావి దించే చోటు

ఈ ఉదయం వకుళ తలుపు తీస్తే వీధి లేదు. గడప అవతల నేరుగా కూరల బజారు ఉంది. వంకాయలావిడ ఒక కాలు ఇంట్లోనే పెట్టి తూకం వేస్తోంది.

వకుళకి ఒళ్ళు మండుతుంది. ఇది మరిది ఫణీంద్ర పనే. అలమరలో పెట్టిన కంప్యూటర్ మీద ఆమె సొంతంగా ఒక ఫోటోల సైటు నడుపుతోంది. చుట్టాలందరికీ ఫోటోలు అక్కణ్ణించే వెళ్తాయి. సాయం చేస్తానని కూర్చుని వీడు లింకులు పొట్టి చేస్తుంటే, వాటిలోంచి తీసేసిన చోట్లు బయటా మాయమవుతున్నాయి. ఎవరడిగారు వీణ్ణి?

"దారి అంత పొడుగుంటే ఎవరు నొక్కుతారు వదినా? మధ్యలోవన్నీ దండగే కదా."

"మా వీధి దండగా?"

"బజారు దగ్గరైందిగా."

లింకుల్లో మాటల మధ్య నుంచి తీసేసిన ఏటవాలు గీతలు వెదురు పుల్లల్లా నేల మీద రాలుతున్నాయి. తెర మీద ఇంక ఒక్క పొడుగు లింకే మిగిలింది: ఫోటోలు/నిడదవోలు/రైల్వేక్వార్టర్లు/పెరడు/బావి/అక్క.

వకుళ వాడి దగ్గరికి ఉరుకుతుంది. పోయిన అక్క సుగుణకి ఉన్నది ఆ ఒక్క ఫోటోయే. బావి గట్టు పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి నిలబడి ఉంటుంది.

"దాని జోలికెళ్ళావంటే చెయ్యి విరగ్గొడతాను ఫణీ."

"ఫోటో ఎక్కడికీ పోదు వదినా," అంటూనే నొక్కేస్తాడు. తెర మీద మిగిలింది: ఫోటోలు/అ.

నిజమే, ఫోటో ఎక్కడికీ పోలేదు. నిడదవోలు పోయింది. క్వార్టర్లూ, పెరడూ, బావీ పోయాయి. పట్టుకోడానికేమీ లేక అక్క మెల్లగా పక్కకి ఒరుగుతోంది.

వకుళ ఏడవదు. ఆమె కోపం ముందు ఏడుపు నిలవదు. పాత చీర రెండుగా చింపి, రాలిన గీతలన్నీ మెట్లుగా కట్టి, ఆ నిచ్చెనని అలమరలోంచి వేలాడదీస్తుంది.

"దిగక్కా."

అక్క దిగుతుంది. పోయిందనుకున్న బావిని బిందెలా చంకనెత్తుకుని మరీ దిగుతుంది. చుక్క నీరు తొణకదు.

"చెయ్యి లాగేస్తోందే. ఎక్కడ దించమంటావు?"

వకుళ అటూ ఇటూ చూస్తుంది. గదిలో చోటు లేదు, వీధి అసలే లేదు.

"వీడి నెత్తిన పెట్టక్కా."

ఫణీంద్ర ఏదో అనబోతాడు. వాడి మాటలూ పొట్టివైపోయాయి, "ఫ" తప్ప ఏమీ రాదు. తువ్వాలు చుట్టి తల మీద కుదురు పెట్టుకుంటాడు. అక్క బావిని దించి, గట్టు పట్టుకుని, కళ్ళు చికిలించి నిలబడుతుంది.

"కదిలావో, చూడు," అంటుంది వకుళ.

తనే బావిలో చేద వేస్తుంది. తాడు వాడి మెడలోంచి, గుండెలోంచి దిగుతూనే ఉంటుంది. అడుగున, నిడదవోలు స్టేషన్లో రైలు కూత వేస్తుంది.