గోళ్ళరంగు చుక్క

షికాగో మాక్స్‌వెల్ వీధిలో ఆదివారం పొద్దున పాటల బ్యాండ్లకు ఎవరి మూల వారిది. పక్కింటి కిటికీలోంచి కరెంటు తీగ లాక్కుని, మోగించినంతసేపే ఆ మూల మనది. కాసేపు నోరు మూసుకున్నామా, ఎదుటి బ్యాండు సామాన్లు మోసుకొచ్చి కూర్చుంటుంది. ఎవరూ తప్పుపట్టరు.

ఆ ఆదివారం నా యాంప్లిఫయరు నోరు పెగల్లేదు. గిటారు మీటితే గరగరమని ఒక గొణుగుడు, అంతే. వంగి వెనక చూశాను. స్పీకరును మోగించే రెండు పెద్ద గాజు ట్యూబులు అక్కడ తలకిందులుగా వేలాడుతుంటాయి. వాటిలో ఒకదాని లోపలి రేకు ఎర్రగా కాలుతోంది. గబుక్కున స్విచ్చి ఆపేశాను.

"దీన్ని ముట్టుకుందెవరు లవెల్?"

లవెల్ నా మరిది. మా ఆయన పోయాక నా దగ్గరే ఉంటూ, నా వెనకే డ్రమ్స్ వాయిస్తాడు.

"పాతబడ్డాయి గదా వదినా, మార్చా. ట్యూబులన్నీ ఒకటే గదా," అన్నాడు నా మొహం చూడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పట్లో దుకాణంలో పెట్టెలన్నీ దింపించి, రెండూ సమానంగా పనిచేసే జోడీని ఏరి తెచ్చుకున్నాను. వీడు పెట్టినవి ఎక్కడెక్కడివో. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

"నావేవి?"

"పారేశా."

అప్పుడే వీధికి అవతల పర్విస్ బ్యాండు ఎత్తుకుంది. అతని గిటారు ఎప్పుడూ రేకుడబ్బా మోతే. ఇవాళ అలా లేదు. మెల్లగా మీటితే తియ్యగా, గట్టిగా కొడితే బొంగురుగా అరిచే మోత. అది నా మోత. ఎవరి చేతిలో ఉన్నా నాకు తెలియదా?

వీధి దాటి వెళ్ళి పాట మధ్యలోనే అతని స్విచ్చి ఆపాను. రెండు ట్యూబుల అడుగునా నేను గుర్తుకు పెట్టుకున్న గోళ్ళరంగు చుక్కలు.

"ఏమ్మా ఎర్నెస్టీన్, మీవాడే ఇచ్చాడు," అన్నాడు పర్విస్. "వచ్చే వారం నుంచి మాకు వాయిస్తాడంట. చేతులూపుకుంటూ రావడం ఎందుకని తెచ్చాడు."

పోతే పోనీ. చెప్పి పోవడానికి నోరు లేదా? నా గొంతు ఊడబీకి వాళ్ళకు చదివింపులిస్తాడా?

తలకు కట్టుకున్న రుమాలు విప్పి, దాంతో ట్యూబులు పట్టుకుని లాగాను. వేళ్ళు చుర్రుమన్నాయి.

"చల్లారనియ్యి, చెయ్యి కాలుద్ది," అన్నాడు పర్విస్.

"చల్లారేలోపు నా మూల పోద్ది."

తిరిగొచ్చి, లవెల్ పెట్టినవి పీకేసి నావి బిగించాను. యాంప్లిఫయరు గొంతు సవరించుకుంది. లవెల్ డ్రమ్స్ పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు.

"లే," అన్నాను.

"వదినా, ఈ ఒక్కరోజుకీ..."

"నీకు ట్యూబులన్నీ ఒకటే, బ్యాండులన్నీ ఒకటే. లే ఇక్కణ్ణించి."

వాడు వీధి దాటి, పర్విస్ మూగ యాంప్లిఫయరు మీద కూర్చున్నాడు. నేను కింద పరిచిన చెక్క మీద కాలితో దబదబా దరువేస్తూ మొదలుపెట్టాను. సాసేజిల బండి దగ్గరి జనం తింటూనే ఇటు కదిలారు. నా మూల నాకు దక్కింది.

తలెత్తి చూస్తే, అవతల లవెల్ చేతులు మోకాళ్ళ మీద నా పాటకే దరువేస్తున్నాయి. ఒక్క దెబ్బ తప్పడంలేదు. అది నేను నేర్పిన దరువే.

పాట సగంలో ఆపేసి, వాడికింకా నేర్పని పాట ఎత్తుకున్నాను. వాడి చేతులు ఆగిపోయాయి.