అమ్మ దగ్గు

...అయినా మట్టిలో వాసన ఎక్కడుంటుంది, ఉండేదంతా మనలోనే కదా అనుకుంటూ పూర్ణిమ తడిగుడ్డలో చుట్టిన కాలువమట్టి ముద్దను మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. కడుపు నిలిచినప్పటి నుంచీ నోరు ఈ మట్టి కోసమే ఊరుతోంది. ఒకసారి వాన వెలిశాక హోసూరు ఎర్రమట్టిని నాలుకకు రాసుకుంది. పరాయిగా తగిలింది. ఇంటి ఓనరు దొడ్డమ్మ చూసి నవ్వింది. "మా ఊరు బేరిగై మన్ను తిని నలుగుర్ని కన్నాను. అది నీకు సరిపోదామ్మా?"

ముద్దను తెచ్చింది అమ్మ. గోదావరి దిగువన ఉన్న ఊరి నుంచి కూతుర్ని పురిటికి తీసుకుపోవడానికి వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. బెంగళూరులో రైలు ఈ సాయంత్రమే. సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టి ఉంది. భర్త గోపీచంద్ ఒక్కసారే వద్దన్నాడు. తర్వాత, నీ ఇష్టమని ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు.

తన ఇష్టమేమిటో ఆమెకు తెలిస్తే కదా.

ఊళ్లో కొబ్బరితోటల చివర గ్యాస్ బావి ఉంది. గొట్టం కొసన మంట రాత్రీ పగలూ మండుతుంది. కిటికీలోంచి పడే ఆ ఎర్రటి వెలుగులో ఆకుల నీడలు చూస్తూ నిద్రపోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. ఇక్కడి చీకట్లో ఇప్పటికీ సరిగ్గా నిద్ర పట్టదు. అదే మంట పొగ చలికాలం పొద్దున మంచుతో పాటు కిందికి దిగేది. గొంతు మండేది, తల పగిలిపోయేది. పోయినేడు పుట్టింటికి వెళ్లినప్పుడే కడుపు పోయింది. గాలి వల్లనని చెప్పలేనన్నాడు డాక్టరు. కాదనీ చెప్పలేనన్నాడు. ఏదో ఒకటి తేల్చి ఉంటే ఆ ఊరిని ద్వేషించడమో, క్షమించడమో అయ్యేది. ఇప్పుడు ముద్ద వాసనకు నోరు ఊరుతుంది, పొట్ట బిగుసుకుంటుంది. రెండూ ఒక్కసారే.

వంటింట్లో అమ్మ పొయ్యి వెలిగించే ముందు రెండు తలుపులూ తెరిచి, కొంగుతో గాలి విసిరి, ముక్కు ఎగబీల్చింది. ఎప్పుడో బావి పగిలి, ఊళ్లో ఎవరూ నిప్పు రాజేయొద్దని మైకులో చెప్పినప్పటి నుంచి ఆమెకది అలవాటు.

"ఏమక్కా, దోమలు తోలతాండావా?" అని గోడవతల నుంచి అడిగింది దొడ్డమ్మ.

రైల్లోకి పులిహోర కోసం అమ్మ మిరపకాయలు వేయించింది. ఘాటు ఇల్లంతా కమ్మింది. పూర్ణిమ దగ్గింది. గోడవతల దొడ్డమ్మ కూడా దగ్గి, ఏదో తిట్టుకుంది. పూర్ణిమ అలవాటు కొద్దీ అమ్మ దగ్గు కోసం ఎదురుచూసింది. తను బళ్లో చదివే రోజుల నుంచీ పుట్టింట్లో వినపడే దగ్గు అది. ఎస్టీడీ బూత్‌లో ఇంటికి ఫోన్ చేస్తే హలో కంటే ముందు ఆ దగ్గే వినపడేది.

రాలేదు. అమ్మ వచ్చిన రాత్రి ఉంది. మర్నాడు కూడా ఉన్నట్టే గుర్తు. తర్వాత?

"అమ్మా, నీ దగ్గేదీ?"

అమ్మ గరిటె ఆపి, పుస్తెలతాడు జారిపోయిందేమో చూసుకున్నట్టు గొంతు తడుముకుంది. "ఏమోనే. ఈ చలికి లోపలెక్కడో ముడుచుకుపోయుంటుంది."

నవ్వబోయి ఆగిపోయింది. కూతురి మొహంలో ఏం కనిపించిందో, గరిటె కింద పెట్టేసింది.

"నువ్వు రాకపోతే, పిల్లకి పురుడు పోయలేక నేను చేతులెత్తేశానంటారే ఊళ్లో."

అమ్మ అన్నది నిజమే. ఆ మాట అమ్మ మొయ్యాల్సిందే. ఎర్ర వెలుగులో పడే కొబ్బరాకుల నీడలు తన బిడ్డ చూడదు. ఆ దిగులు తను మొయ్యాలి. పూర్ణిమ మట్టిముద్దను కిటికీలో పెట్టింది. గోడ పట్టుకుని మెల్లగా గుమ్మం దగ్గర కూర్చుని, సంచి జిప్పు లాగి, సర్దిన చీరలు ఒక్కొక్కటే బయటికి తీసింది. తన చీరల అడుగున అమ్మ నేతచీర. మడత విప్పితే పల్చగా ఊరి గాలిలోని కిరసనాయిలు వాసన.

దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి, దులిపి, దండెం మీద ఎండకు వేసింది.